అనిమే మ్యూజిక్ వీడియో 1982లోనే పుట్టిందనడం సరైనదేనా?

కృష్ణాతీరం:

అనిమే, అంటే జపాన్ యానిమేషన్, దృశ్యాలను కత్తిరించి అభిమానులు ఏదో ఒక పాటకు జత చేసే అనిమే మ్యూజిక్ వీడియోల చరిత్ర ఎవరు రాసినా మొదటి పేరాలో ఒకే కథ కనబడుతుంది. 1982లో 21 ఏళ్ల జిమ్ కపోస్టాస్ అనే అమెరికన్ రెండు వీసీఆర్లను ఒకదానికొకటి కలిపి, ‘స్టార్ బ్లేజర్స్’ అనే అనిమే ధారావాహికలో అన్నిటికంటే హింసాత్మకమైన దృశ్యాలను ఏరి, వాటిని బీటిల్స్ బృందం పాడిన ‘ఆల్ యూ నీడ్ ఈజ్ లవ్’ పాటకు జత చేశాడనీ, ఆ హాస్యప్రయోగంతోనే ఈ ప్రక్రియ పుట్టిందనీ చెప్పి, ఆయనకు పితామహుడనే బిరుదు కూడా తగిలిస్తారు. ఆయన ఆ పని చేయలేదని నేను అనడం లేదు. దాని నుంచి ‘కాబట్టి 1982లో పుట్టింది’ అని తేల్చేయడమే నాకు మింగుడుపడడం లేదు.

అంతకు ఏడేళ్ల ముందే, అంటే 1975లో, ‘స్టార్ ట్రెక్’ అనే అమెరికన్ టీవీ ధారావాహికకు అభిమాని అయిన కాండీ ఫాంగ్, ఎడిటింగ్ గదిలో కత్తిరించి పారేసిన ఆ ధారావాహిక ఫిల్ము ముక్కలను స్లైడులుగా చేసి, టేపు రికార్డరులో పాట నడుస్తుండగా, పాటలోని మాటకు తగిన బొమ్మ సరిగ్గా ఆ క్షణానికే తెర మీద పడేలా స్లైడులను మారుస్తూ అభిమానుల సమ్మేళనంలో ప్రదర్శించారు. ఆమె తర్వాత వీసీఆర్లతో ఇదే పని చేసిన స్టార్ ట్రెక్ తదితర ధారావాహికల అభిమానుల్లో అత్యధికులు స్త్రీలు. మీడియా పరిశోధకుడు హెన్రీ జెంకిన్స్ 1992లో ప్రచురించిన ‘టెక్స్చువల్ పోచర్స్’లో వారి వీడియోలకు ఒక అధ్యాయమే కేటాయించారు. ఇంత జరిగాక కూడా కథను 1982 నుంచి మొదలుపెట్టి, ఒక యువకుడి తలకు కిరీటం పెట్టడంలో ఏదో కావాలని మరిచిపోయిన లక్షణం ఉన్నదని నా అనుమానం.

రెండువీసీఆర్లు:

కృష్ణాతీరం గారికి నమస్కారం. కాండీ ఫాంగ్ గారి ఘనతను తగ్గించే ఉద్దేశం నాకు లేదు గానీ, స్లైడు ప్రదర్శననూ వీడియో ఎడిటింగునూ ఒకే గాటన కట్టడం పని చేసినవాళ్లకు రుచించదు. 1990ల మొదట్లో తెనాలిలో పెళ్లి వీడియోలు తీసే దుకాణంలో మిక్సింగ్ పని చేసినవాణ్ణి కనుక, రెండు వీసీఆర్ల మధ్య కూర్చోవడం అంటే ఏమిటో కాస్త తెలుసు.

ఒక యంత్రంలో మూలం క్యాసెట్టు తిరుగుతూ ఉంటుంది, రెండో యంత్రం రికార్డింగులో పాజ్ మీద ఆగి ఉంటుంది. కావలసిన దృశ్యం రాగానే పాజ్ వదలాలి, కానీ వదిలిన మరుక్షణమే రికార్డింగు మొదలవదు. టేపు కొద్దిగా వెనక్కో ముందుకో జరిగి మరీ పట్టుకుంటుంది, ఆ జరుగుబాటు ఒక్కో యంత్రానికి ఒక్కోలా ఉంటుంది. మీ యంత్రం ఎన్ని ఫ్రేములు ఆలస్యం చేస్తుందో వేలికి తెలిసేదాకా కత్తిరింపు ఒక్కటీ తాళం మీద పడదు. పోనీ తీరికగా ఆలోచించి వదులుదామంటే, పాజ్‌లో కొన్ని నిమిషాలకు మించి ఉంచితే టేపు అరిగిపోతుందని యంత్రమే దాన్ని వదిలేస్తుంది. ముహూర్తం వేళకు మేళం మోగాల్సిన చోట వంటశాల కనిపించిందని ఒక పెళ్లికూతురి మేనమామ నన్ను పట్టుకుని దులిపేయడానికి కారణం ఈ పాజ్ మీటే. పైగా కాపీకి కాపీ తీసేకొద్దీ రంగులు కారిపోతాయి, గీతలు వస్తాయి, కనుక తప్పు దిద్దాలంటే మొదటి నుంచి మొదలుపెట్టడమే మార్గం.

కదిలే బొమ్మలో కదలికనే తాళంగా వాడుకోవడం, అంటే పేలుడు సరిగ్గా డ్రమ్ము దెబ్బ మీద పడేలా చూడడం, స్లైడుతో సాధ్యం కాదు. అందువల్ల ప్రక్రియ పుట్టుకను యంత్రంతో ముడిపెట్టి 1982 అనడంలో తప్పు లేదని నా అభిప్రాయం.

నీలిఫ్రేము:

ఇద్దరూ అమెరికా దాటి బయటకు రావడం లేదు. ‘స్టార్ బ్లేజర్స్’ అన్నది 1974లో జపాన్‌లో వచ్చిన ‘స్పేస్ బ్యాటిల్‌షిప్ యమాటో’కు 1979లో అమెరికా టీవీలో వేసిన ఇంగ్లీషు రూపం మాత్రమే. ఆ జపాన్‌లోనే 1970ల చివర్లో కుర్రాళ్లు టీవీ, రేడియో మాటలను ఆడియో క్యాసెట్ల మీద కత్తిరించి అతికించి నవ్వించే టేపులు చేశారు. అక్కడి అభిమానులు ఈనాటికీ ఇలాంటి వీడియోలను ‘మ్యాడ్’ అని పిలవడానికి మూలం ఆ టేపులే. అక్కడ పుట్టుక బొమ్మ నుంచి కాదు, ధ్వని నుంచి జరిగింది. మనం మాత్రం వీసీఆర్ ఎవరి ఇంట్లో ముందు వచ్చిందని వాదించుకుంటున్నాం.

ఇక ఒసాకాలో 1983లో జరిగిన సైన్స్ ఫిక్షన్ సమ్మేళనానికి విద్యార్థులు గీసిన డైకాన్ 4 ప్రారంభ చిత్రం సంగతేమిటి? ఎలక్ట్రిక్ లైట్ ఆర్కెస్ట్రా బృందం పాడిన ‘ట్వైలైట్’ పాటకు, అనుమతి అడగకుండా, ఎవరెవరి పాత్రలనో తెర మీదికి తెచ్చి అంత వైభవంగా ఆడించిన అభిమానుల పని మరొకటి ఉన్నదా?

కృష్ణాతీరం:

నీలిఫ్రేము గారూ, డైకాన్ 4 మీద నాకూ అపారమైన ప్రేమ ఉన్నది గానీ, దాన్ని ఈ వంశవృక్షంలో చేర్చలేము. అందులో ప్రతి బొమ్మా కొత్తగా గీసినది. ఉన్న దృశ్యాన్ని కత్తిరించి, కొత్త పాట పక్కన పెట్టి, దానికి లేని అర్థాన్ని పుట్టించడమే మనం మాట్లాడుతున్న కళ. డైకాన్ బృందం చేసింది అనిమే. అందుకే వారిలో కొందరు గైనాక్స్ అనే అనిమే సంస్థను స్థాపించి, 1995లో ‘నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్’ను తీసుకువచ్చారు. విచిత్రమేమంటే, ఆ తర్వాతి సంవత్సరాల్లో అమెరికా అభిమానులు కత్తిరించి పాటలు పెట్టుకోవడానికి దానంత ఇష్టంగా వాడిన అనిమేలు ఎక్కువ లేవు. ముడిసరుకు అందించినవారు కూడా ఒకప్పుడు అనుమతి లేని పాట వాడుకున్నవారే. డైకాన్ 4 చిత్రం ఈ హక్కుల చిక్కుల వల్లనే మామూలు పద్ధతిలో డీవీడీగా అమ్ముడుపోలేకపోయింది.

మ్యాడ్ టేపుల విషయంలో మాత్రం మీ మాట ఒప్పుకుంటున్నాను. నేను 1975 అని మరో ‘మొదటిది’ని నిలబెట్టబోయి, నేను తప్పుపట్టిన పనే చేశాను.

రెండువీసీఆర్లు గారికి నాదొక ప్రశ్న. ‘ఆల్ యూ నీడ్ ఈజ్ లవ్’ వీడియోలో గొప్పతనం పాజ్ మీట నేర్పులో ఉన్నదా, లేక ప్రేమ గురించిన పాట మీద యుద్ధాన్ని పరచిన వెటకారంలో ఉన్నదా? వెటకారంలోనే ఉన్నదంటే, దానికి యంత్రం తప్పనిసరి కాదు.

శ్రుతిభేదం:

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. మొదటి వీడియో ఎవరిదన్నది ఆసక్తికరమే గానీ, ఒక ప్రక్రియ నిలబడాలంటే రెండోవాడు మొదటివాడి పని చూసి ఉండాలి. 1982 నాటి వీడియోను ఎంతమంది చూసి, ఎంతమంది దాన్ని అనుసరించారని అడిగితే, కథ అక్కడితో సన్నగిల్లుతుంది. విడింగ్, అంటే టీవీ ధారావాహికల దృశ్యాలకు పాట జత చేసే పని, చేసిన స్త్రీల విషయంలో ఆ గొలుసు గట్టిగానే ఉన్నది, ఎందుకంటే వాళ్లు ఒకరి దగ్గర ఒకరు కూర్చుని నేర్చుకున్నారు. అనిమే వైపు అలాంటి గొలుసు ఏర్పడింది 1990ల్లో, ప్రాజెక్ట్ ఎ-కాన్, అనిమే ఎక్స్‌పో, ఒటకాన్ వంటి సమ్మేళనాల్లో చీకటి హాళ్లలో ప్రేక్షకుల చప్పట్ల మధ్య వీడియో పోటీలు జరిగినప్పుడు. ఆ తర్వాత 2000లో అనిమేమ్యూజిక్‌వీడియోస్ డాట్ ఆర్గ్ వచ్చింది. అందరూ ‘ది ఆర్గ్’ అని పిలుచుకున్న ఆ చోట ప్రతి వీడియోకూ ఏ అనిమే, ఏ పాట, ఎవరు చేశారన్న పట్టిక ఉండేది, ఒకరి పని మీద మరొకరు పేజీల కొద్దీ అభిప్రాయాలు రాసేవారు. నా దృష్టిలో ఈ ప్రక్రియ తనను తాను గుర్తుపట్టుకున్నది అక్కడే.

ఆ గుర్తింపే ముప్పు కూడా తెచ్చింది. 2005 నవంబరులో విండ్-అప్ రికార్డ్స్ అనే సంగీత సంస్థ, తమ ఇవనెసెన్స్, క్రీడ్, సీథర్ బృందాల పాటలున్న వీడియోలను తొలగించమని ఆర్గ్‌కు లేఖ పంపితే, దాదాపు 3,000 వీడియోలు ఒక్కసారిగా కనుమరుగయ్యాయి. దృశ్యాలు అనిమే సంస్థలవి, లేఖ వచ్చింది పాటల సంస్థ నుంచి. అనిమే పంపిణీదారులు సమ్మేళనాల పోటీలను ఉచిత ప్రచారంగా చూసి ఊరుకున్నారు. పాటల వాళ్లకు అలాంటి లాభం కనబడలేదు. యూట్యూబ్ 2007లో కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ తెచ్చాక పాటను యంత్రమే గుర్తుపట్టసాగింది.

రెండువీసీఆర్లు:

శ్రుతిభేదం గారి వాదనలో బలమున్నది గానీ, ఆర్గ్ వచ్చేనాటికే కంప్యూటరు మీద కత్తిరింపు, ఆ వెంటనే డీవీడీ నుంచి శుభ్రమైన దృశ్యాన్ని తీసుకునే వీలు వచ్చాయన్న సంగతి మరచిపోకండి. అమెరికా చట్టం ప్రకారం డీవీడీ తాళం తీయడమే నేరంగా ఉండేది. వాణిజ్యేతర రీమిక్స్ వీడియోల కోసం చిన్న ముక్కలు తీసుకోవడానికి 2010 జూలైలో గానీ మినహాయింపు దొరకలేదు, దానికోసం వాదించినవారిలో విడింగ్ చేసే స్త్రీలు కూడా కలిసి స్థాపించిన అభిమానుల సంస్థ ఒకటి. కృష్ణాతీరం గారు దీన్ని పట్టుకుంటారని తెలిసే రాస్తున్నాను.

మీ ప్రశ్నకు జవాబు: వెటకారం ఆలోచనలోనే ఉన్నది, నిజమే. అయితే ఆ వెటకారం నవ్వు పుట్టించాలంటే ‘లవ్’ అన్న మాట దగ్గరే ఓడ పేలాలి, అర సెకను తరువాత పేలితే అది ఉత్త యుద్ధమే.

కృష్ణాతీరం:

పట్టుకున్నాను, కృతజ్ఞతలు. అర సెకను సంగతి కూడా ఒప్పుకుంటాను. కాండీ ఫాంగ్ గారు స్లైడు మార్చిన క్షణం కూడా అలాంటిదే కదా అన్న సందేహం మాత్రం అలాగే ఉన్నది. నా మొదటి టపా శీర్షికలో ‘పుట్టింది’ అన్న మాటను మార్చే వీలు లేదు కనుక ఇక్కడ చెబుతున్నాను: 1982ను తెలిసిన మొదటి అనిమే పాట వీడియో సంవత్సరంగా రాయడానికి నాకు అభ్యంతరం లేదు, ‘పితామహుడు’ అన్న మాటకు ఉన్నది.

నీలిఫ్రేము:

మ్యాడ్ టేపుల ప్రస్తావన లేకుండా ఆ వాక్యం రాస్తే మళ్లీ వస్తాను.