బంతి నారుకు సీవీడ్, హ్యూమిక్ పోస్తే వేరు పడుతుందా?

ప్రశ్న (చిట్యాల):
మా ఆయనా నేనూ చిన్న పూల నర్సరీ నడుపుతున్నాం. బతుకమ్మ, దసరా పూల కోసం రైతులు తీసుకెళ్లే బంతి నారు 98 గళ్ల ప్రోట్రేల్లో (నారు పెంచే ప్లాస్టిక్ ట్రేలు) పెంచుతాం. ఈసారి నారు సన్నగా సాగింది, లేత ఆకులు పాలిపోయాయి. మొక్కను లాగితే వేర్లకు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) పట్టుకోకుండా పొడిపొడిగా రాలిపోతోంది. మందుల షాపాయన సీవీడ్ (సముద్రపు నాచు రసం), హ్యూమిక్ ఆమ్లం, అమినో ఆమ్లాలు మూడూ కలిపి పోయమంటున్నాడు. నాటాక వాడిపోతే రైతుకు పండగ సీజనే పోతుందని టెన్షన్‌గా ఉంది. పోయమంటారా?

జవాబు (దేవరకొండ):
అక్కా, సీవీడ్ నేనూ వాడతాను. పొలంలో నాటిన నారు త్వరగా తేరుకుంటుంది. కానీ అది ఎరువు కాదు. కోకోపీట్‌లో బలం ఉండదు కదా, అసలు ఆకులు రాగానే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న, నీళ్లలో కరిగే ఎరువు) లీటరుకు ఒక గ్రాము చొప్పున మొదలుపెట్టండి. సన్నగా సాగిందంటే ముందు షేడ్‌నెట్ చూడండి. బంతికి ఎండ కావాలి, నీడలో ఉంటే ఏ సీసా పోసినా కాడ లావెక్కదు. మూడూ ఒకేసారి పోస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు. సీవీడ్ ఒక్కటే, సీసా మీద రాసిన మోతాదులో, సగం ట్రేలకు పోయండి. మిగతా సగానికి ఉత్త నీళ్లు. వారం పదిరోజుల తర్వాత రెండింట్లోంచీ మొక్కలు లాగి వేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. షాపాయన మాట కన్నా, నా మాట కన్నా అదే నమ్మకం.

జవాబు (జడ్చర్ల):
ట్రైకోడెర్మా (తెగుళ్లను ఆపే మేలు చేసే బూజు) కూడా వాడే ఉద్దేశం ఉంటే కార్బెండజిమ్ అనే బూజు మందుతో కలపకండి, ట్రైకోడెర్మా చచ్చిపోతుంది. ఇంకో మాట, సీవీడ్, హ్యూమిక్ లాంటి బయోస్టిమ్యులెంట్లను (మొక్క ఎదుగుదలకు ఊతమిచ్చేవి) 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకు తెచ్చారు. లేబుల్ లేని సీసా కొనొద్దు, బిల్లు తీసుకోండి.

ప్రశ్న (చిట్యాల):
మాది బోరు నీళ్లే అన్నా, డ్రిప్పు పైపుల్లో తెల్లగా పేరుకుంటుంది. దానివల్ల ఏమైనా ఉందా?

జవాబు (దేవరకొండ):
ఉంది అక్కా. ఆ తెలుపు సున్నమే. అలాంటి నీళ్లలో హ్యూమిక్ ఒక్కోసారి విరుగుతుంది. గాజు గ్లాసులో కొంచెం కలిపి కాసేపు ఉంచండి, అడుగున నల్లగా మడ్డి దిగితే ఆ నీళ్లతో వద్దు. లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయా? అయితే అది ఆ సున్నపు నీళ్ల వల్ల ఇనుము అందక. వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టి నారుకు అవే వాడండి. ఈనెల దగ్గరి ఫోటో ఒకటి పెట్టండి, చూసి చెప్తాను.