ఓర్షా తేదీ పెట్టిన కత్యూషా నమూనాకు స్టూడ్‌బేకర్ లారీ తగునా?

సూక్ష్మరథం:

ఏడు నెలల సాయంత్రాలు వెచ్చించి 1:35 స్కేలులో బీఎం-13 రాకెట్ లాంచర్ నమూనా ఒకటి పూర్తి చేశాను. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సేనలు వాడిన, మనమంతా కత్యూషా అని పిలుచుకునే బండే అది. గత నెలలో దాన్ని ఒక ప్రదర్శనలో ఉంచి, పీఠం మీది పలకపై "ఓర్షా, 14 జులై 1941" అని రాశాను. పరిశీలనకు వచ్చిన ఒక పెద్దాయన చాలాసేపు వంగి చూసి, పట్టాల పనితనాన్ని మనసారా మెచ్చుకుని, వెళ్ళబోతూ "లారీ స్టూడ్‌బేకర్, తేదీ 1941. ఈ రెండూ ఒక పీఠం మీద ఇమడవండీ" అన్నారు.

ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. నేను చూపదలచుకున్నది లారీని కాదు, ఎనిమిది పట్టాల మీద పదహారు రాకెట్లు మోసిన ఆ ఆయుధాన్ని; అది బెలారుస్‌లోని ఓర్షా దగ్గర మొదటిసారి గర్జించిన రోజును. నాకు దొరికిన కిట్‌లో ఉన్న లారీ ఆ అమెరికన్ స్టూడ్‌బేకరే. పలక మీది తేదీ వల్ల నా నమూనా నిజంగానే తప్పుడుదైపోయిందా? అనుభవం ఉన్నవారు మొహమాటపడకుండా చెప్పండి.

ఉప్పుకాగితం:

సూక్ష్మరథం గారూ, అడిగారు కనుక సూటిగా చెబుతున్నాను, ఆ పెద్దాయన మాటే సరైనది. 1941 జులై 14న కెప్టెన్ ఇవాన్ ఫ్ల్యోరోవ్ నడిపిన బ్యాటరీ, అంటే లాంచర్ బండ్ల దళం, ఓర్షా రైల్వే స్టేషను మీద రాకెట్లు వదిలినప్పుడు, ఆ లాంచర్లను మోసినవి సోవియట్ జిస్-6 లారీలు. మిత్రదేశాలకు యుద్ధ సామగ్రి సమకూర్చే లెండ్-లీజ్ సహాయాన్ని అమెరికా సోవియట్ యూనియన్‌కు వర్తింపజేసింది ఆ ఏడాది శరత్కాలంలో. స్టూడ్‌బేకర్ యూఎస్6 మీద లాంచర్లు బిగించడం ఆ తరువాతి మాట, బీఎం-13ఎన్ పేరుతో ఆ అమరిక ఒక స్థిరమైన రూపానికి వచ్చింది 1943లో. కాబట్టి మీ పీఠం మీద జరుగుతున్నది, అప్పటికి ఆ దేశంలో అడుగే పెట్టని లారీ మీద నుంచి ఆ రాకెట్లు ఎగరడం.

లారీ మోసే సాధనమే కదా అంటారేమో, నేను ఒప్పుకోను. మీ నమూనాను ఒకసారి తిరగేసి ముందు ఇరుసును చూడండి. స్టూడ్‌బేకర్‌లో ఆరు చక్రాల స్థానాలకూ ఇంజను శక్తి అందుతుంది, అందుకే ముందు ఇరుసు మధ్యలో చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె, డిఫరెన్షియల్, గుండ్రంగా ఉబ్బి కనిపిస్తుంది. జిస్-6లో శక్తి వెనుక రెండు ఇరుసులకే వెళుతుంది, ముందున్నది మామూలు దూలం. ఈ ఒక్క తేడాలో యుద్ధ చరిత్ర చాలా ఉంది. బురద నేలలో బరువైన లాంచర్‌తో పరుగెత్తి, రాకెట్లు వదిలి, శత్రువు ఫిరంగులు తమ మీదికి గురి తిప్పేలోగా చోటు ఖాళీ చేయడమే ఈ ఆయుధపు ప్రాణం, ఎందుకంటే రాకెట్లు లేపే పొగ, దుమ్ము చాలా దూరానికి కనిపించి దాని స్థానాన్ని చాటేస్తాయి. అన్ని చక్రాలూ లాగే లారీ వచ్చాక ఈ పని ఎంత సులువైందో, అది లేని 1941లో ఆ సిబ్బంది ఎంత పాటుపడ్డారో, మీ ముందు ఇరుసే చెప్పాలి. మీ నమూనాలో అది చెబుతున్నది వేరే సంవత్సరం కథ.

క్యాబిన్, మడ్‌గార్డులు కూడా అంతే. జిస్ మడ్‌గార్డులు యుద్ధానికి ముందటి ప్రెస్ పనితో గుండ్రంగా వంగి ఉంటాయి, స్టూడ్‌బేకర్‌వి చదునుగా ఉంటాయి. తెలిసినవాళ్ళు మూడు గజాల దూరం నుంచే గుర్తుపడతారు.

పాతబండి:

ఉప్పుకాగితం గారి లెక్కలతో నాకు పేచీ లేదు, కానీ ఆయన తీర్పు మరీ కఠినమని నా అభిప్రాయం. రష్యాలోనూ బెలారుస్‌లోనూ ఊరూరా నిలబెట్టిన కత్యూషా స్మారకాలను ఎప్పుడైనా గమనించారా? వాటిలో చాలావరకు యుద్ధం ముగిశాక వచ్చిన లారీల మీదే ఉన్నాయి. కొన్ని జిస్-151 మీద, కొన్ని జిల్-157 మీద. మొదటిది 1948లో, రెండవది 1958లో ఉత్పత్తిలోకి వచ్చిన బండ్లు. ఆ యుద్ధంలో తండ్రులను, అన్నలను పోగొట్టుకున్నవారే ఆ పీఠాల ముందు పూలు పెట్టి తల వంచారు. లారీ తప్పు అన్న కారణంతో వారి నమస్కారం చెల్లకుండా పోయిందా?

ఇంకో సంగతి. ఇదే లాంచర్‌ను ఎస్‌టీజెడ్-5 ట్రాక్టర్ మీద కూడా బిగించారు. 82 మి.మీ. చిన్న రాకెట్ల లాంచర్లను తేలికపాటి ట్యాంకుల మీద కూడా పెట్టారు. ఏది దొరికితే దాని మీద బిగించడం మొదటి నుంచీ ఈ ఆయుధపు స్వభావంలోనే ఉంది. రాకెట్ మాత్రం అదే, 132 మి.మీ. ఎం-13. దాదాపు 42 కిలోల బరువుతో ఎనిమిది కిలోమీటర్లు దాటి వెళ్ళేది. సూక్ష్మరథం గారి పట్టాలు, రాకెట్లు సరిగ్గా ఉన్నప్పుడు ఆయుధం సరిగ్గా ఉన్నట్టే కదా.

ఇత్తడిరేకు:

పట్టాలు, రాకెట్లు సరిగ్గా ఉన్నాయన్నారు కనుక నాదొక చిన్న మాట. ఎం-13 పొడవు 1.42 మీటర్లు, అంటే మన స్కేలులో సుమారు 40 మి.మీ.; మందం 3.8 మి.మీ. ఈ కొలతలు మామూలు కిట్లలో సరిగ్గానే వస్తాయి. రెక్కల దగ్గరే వస్తుంది చిక్కు. ప్లాస్టిక్ అచ్చులో రెక్క మందం అర మిల్లీమీటరు ఉన్నా, అసలు కొలతలో అది 17 మి.మీ. దాటిన ఇనుప పలక అవుతుంది. అసలు రాకెట్‌కు ఉన్నది పల్చని రేకు. ఒక్కో రాకెట్‌కు నాలుగు రెక్కలు, పదహారింటికి అరవై నాలుగు. పాతవి చెక్కేసి పల్చని ఇత్తడి రేకుతో కత్తిరించి అంటించడానికి నాకు మూడు వారాలు పట్టింది. అంటించిన చోట జిగురు ఉండకట్టకుండా సూది మొనతో పెట్టి, ఆరాక ఉప్పు కాగితంతో ఒక్క వరుసే రుద్దాలి, రెండో వరుసకు రెక్క వంగిపోతుంది.

పట్టాల సంగతి కూడా ఇలాంటిదే. ఐ-ఆకారపు దూలం నడుముకు వరుసగా గుండ్రని రంధ్రాలు ఉంటాయి. పై అంచు మీద ఒక రాకెట్ కూర్చుంటుంది, కింది అంచు పట్టుకుని ఇంకొకటి వేలాడుతుంది. ఆ రంధ్రాలగుండా అవతలి వెలుగు కనిపించనప్పుడు ఎనిమిది పట్టాలూ ఎనిమిది గోడల్లా ఉంటాయి. సూక్ష్మరథం గారు వాటిని తొలిచారని ఆయన మాటల్లోనే తెలుస్తోంది, అందుకు నా అభినందనలు. ఇంత ఓపిక ఉన్న మనిషి లారీ దగ్గర రాజీ పడటమే నాకు బాధ కలిగించింది.

తెల్లగీత:

చర్చ అంతా బండి చుట్టూనే తిరుగుతోంది. దాని ఎదుట ఉన్నవారి మాట కూడా ఎవరో ఒకరు ఎత్తాలని రాస్తున్నాను. ఏడు బండ్ల నుంచి పది సెకన్లలోపు నూటికి పైగా రాకెట్లు ఒక స్టేషను మీద పడ్డాయి. గురి చూసి ఒక్క చోట కొట్టే ఆయుధం కాదది, ఒక ప్రాంతాన్నంతటినీ తగలబెట్టేది. ఆనాటి గురి జర్మన్ రైళ్ళని చాలాకాలంగా చెబుతున్నారు; వెనక్కి తేలేక వదిలేసిన తమ సొంత మందుగుండు రైళ్ళు శత్రువు చేతికి చిక్కకూడదనే వాటిని కాల్చారని కొందరు చరిత్రకారులు వాదిస్తున్నారు. అలాంటి రోజును తేదీతో సహా పీఠం మీద పెడుతున్నప్పుడు, మనం గర్జన అన్న మాట వాడి ఊరుకోవడం చాలదు. పలక మీద రెండు వాక్యాలకు చోటుంటే, అందులో ఒకటి కాలిన స్టేషను గురించి ఉండాలి.

ఆయుధాల నమూనాలు చేయవద్దని నేను అనడం లేదు, నేనూ చేస్తాను. చూడడానికి వచ్చిన పిల్లవాడు దాన్ని బొమ్మ తుపాకీలా చూసి వెళ్ళకుండా ఉండే పూచీ మాత్రం తయారు చేసినవారిదే అంటాను.

ఉప్పుకాగితం:

తెల్లగీత గారి మాట నా వాదనను బలపరిచేదే. ఆ రోజు ఎందరికో చావుబతుకుల రోజు కనుకనే దాని వివరాలను మనకు అనుకూలంగా మార్చే హక్కు మనకు లేదు. ఫ్ల్యోరోవ్ బ్యాటరీ ఆ తరువాత మూడు నెలలు కూడా మిగలలేదు. అక్టోబరు మొదట్లో స్మోలెన్స్క్ ప్రాంతంలో శత్రువు చుట్టుముట్టగా, లాంచర్లు వాళ్ళ చేతికి చిక్కకుండా సిబ్బందే వాటిని పేల్చేశారు. ఫ్ల్యోరోవ్ అక్కడే మరణించారు. రష్యా ఆయనకు వీరుడి బిరుదు ప్రకటించింది 1995లో. ఆ సిబ్బంది తమ చేతులతో పేల్చుకున్నవి జిస్-6 బండ్లు. వాటి స్థానంలో ఇంకో లారీని నిలబెట్టి వారి తేదీ రాయడం నా మనసుకు సరిపడదు.

పాతబండి గారూ, స్మారకం సంగతి వేరు. దాని ముందు నిలబడినవారు తమవారిని తలుచుకుంటారు, ఇరుసులు లెక్కపెట్టరు. దాన్ని నిలబెట్టినవారు అప్పటికి మిగిలిన బండినే తెచ్చిపెట్టారు. మనం చేసేది మిల్లీమీటర్ల లెక్కన కొలిచి, "ఇది ఇలాగే ఉండేది" అని చెప్పే పని. అందుకే మన తప్పు ఎక్కువగా కనిపిస్తుంది.

అయితే సూక్ష్మరథం గారు నమూనాను విప్పనక్కర్లేదు, ఓర్షా పేరునూ వదులుకోనక్కర్లేదు. 1944 జూన్‌లో జర్మన్ సేనల మీద బాగ్రతియాన్ అనే పెద్ద దాడి మొదలైనప్పుడు సోవియట్ సేనలు మళ్ళీ ఆ దారినే వచ్చి, జూన్ 27న ఓర్షాను విడిపించాయి. అప్పటికి స్టూడ్‌బేకర్ మీది బీఎం-13ఎన్ ముందువరుసలో మామూలుగా కనిపించే బండి. మీ లారీ సరైనదే అవుతుంది, ఊరు అదే ఉంటుంది, మారవలసింది తేదీ ఒక్కటే.

పాతబండి:

ఈ సూచన నాకు నచ్చింది. స్మారకాల విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. ప్రదర్శనకు వచ్చే వందమందిలో తొంభైమంది కూడా ఆ స్మారకాల ముందు నిలబడినవారి లాగే చూస్తారు. వారికి లారీ కంటే, ఆ పట్టాల వాలు, దాని కింద క్యాబిన్‌లో కూర్చున్న మనుషులు ముఖ్యం.

ఇత్తడిరేకు:

మనుషుల మాట వచ్చింది కనుక ఒకటి సరిచూసుకోండి. పట్టాలు ఎత్తి, రాకెట్లు వదలబోతున్న భంగిమ అయితే బండి పక్కన సైనికులను నిలబెట్టకండి. మంట వెనక్కి చిమ్ముతుంది, రాకెట్ పట్టా దాటగానే ఆ మంట క్యాబిన్ పైకప్పు మీదా బానెట్ మీదా కూడా పడుతుంది. అందుకే అద్దాలకు ఇనుప రేకులు అడ్డం దించి, లోపల కూర్చుని మీటతో ఒక్కొక్కటే వదిలేవారు. వెనుక రెండు జాకీలూ నేలకు ఆనాలి. మసి వేయవలసిన చోట్లు కూడా అవే, పట్టాలు, కప్పు, బానెట్. లారీ అంతటా సమానంగా మసి పూస్తే అది వంటింటి పొయ్యిలా కనిపిస్తుంది.

సూక్ష్మరథం:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి పలక ఊడదీశాను. కొత్తదానిపై "బీఎం-13ఎన్, స్టూడ్‌బేకర్ యూఎస్6 మీద. ఓర్షా పరిసరాలు, జూన్ 1944" అని ఒక వరుస, దాని కింద "మూడేళ్ళ క్రితం ఇదే ఊరి స్టేషను ఈ రాకెట్లకే తగలబడింది" అని ఇంకో వరుస రాశాను. రెండో వాక్యం తెల్లగీత గారి మాట మీదే చేర్చాను, అది రాశాకనే పలక పూర్తయినట్టు అనిపించింది.

బండి పక్కన నిలబెట్టిన ఇద్దరు సైనికులను తీసేశాను. అద్దాల మీది రేకులు పైకెత్తి అంటించినవి కనుక వాటిని కత్తితో విడదీసి కిందికి దించుతున్నాను. ఎడమవైపుది సరిగ్గా వచ్చింది, కుడివైపుది మడత దగ్గర విరిగింది, రేకు కత్తిరించి కొత్తది చేసుకోవాలి. ఇక జిస్-6 విషయానికొస్తే, ముందు ఇరుసుకు ఉబ్బు లేని ఆ లారీని దూలం దగ్గర నుంచి సొంతంగా కట్టడానికి కొలతలు గీయడం మొదలుపెట్టాను. జులై 14 తేదీని దానికోసం అట్టిపెట్టాను. ఆ బండి వెనుక ఇరుసుల మధ్య దూరం కచ్చితంగా కొలిచినవారు ఎవరైనా ఉంటే దయచేసి ఇక్కడే రాయండి.