గట్టిపరిచిన ఉక్కుకీ మెత్తని ఉక్కుకీ గ్రాఫ్‌లో వాలు ఒకటే వచ్చింది. ప్రయోగం తప్పా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను రెండో ఏడాది విద్యార్థినిని. టెన్సైల్ టెస్ట్ (నమూనాను రెండు వైపులా లాగి చూసే పరీక్ష) రికార్డు ఎల్లుండి ఇవ్వాలి. ఒక్క చోట ఆగిపోయి టెన్షన్ పడుతున్నాను.

ఒకే మీడియం కార్బన్ ఉక్కు కడ్డీ నుంచి రెండు నమూనాలు తీశాం. వ్యాసం 10 మి.మీ., గేజ్ పొడవు (సాగుడు లెక్కపెట్టే భాగం) 50 మి.మీ. ఒకదానికి అనీలింగ్ చేశాం, అంటే బాగా కాల్చి కొలిమిలోనే నెమ్మదిగా చల్లారనిచ్చాం. రెండోదాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి (క్వెంచింగ్), తర్వాత టెంపరింగ్ చేశాం, అంటే తక్కువ వేడిలో మళ్లీ కాచాం. మొదటిది 350 మెగాపాస్కల్స్ దగ్గరే లొంగిపోయింది. రెండోది 900 దాకా నిలిచింది. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ రెండు స్ట్రెస్-స్ట్రెయిన్ (ప్రతిబలం, పొడవుతో పోల్చిన సాగుడు) గ్రాఫులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, మొదట్లో ఉండే సరళరేఖ రెండింటికీ ఒకటే గీతలా కలిసిపోయింది. గట్టిపడిన ఉక్కుకి యంగ్ గుణకం ఎక్కువ రావాలి కదా? ల్యాబ్‌లో అడిగితే "ఎక్కడో పొరపాటు చేశారు, మళ్లీ చెయ్యండి" అన్నారు. ఆ పొరపాటు ఏమిటో ఎవరైనా చెప్పగలరా?

సమాధానం

వాలు ఒకటే రావడం పొరపాటు కాదండి. అలాగే రావాలి. ఈ సబ్జెక్టులో మొదటి ఏడాది అంతా దృఢత్వం, బలం అనే రెండు మాటలనూ కలిపేసి వాడేస్తాం. మీ గ్రాఫ్ ఆ రెండింటినీ విడదీసి చూపిస్తోంది.

యంగ్ గుణకం చెప్పేది ఇంతే: ఇంత లాగితే ఎంత సాగుతుంది? వదిలేస్తే తిరిగి వెనక్కి వచ్చే సాగుడు మాత్రమే దాని లెక్కలోకి వస్తుంది. ఆ సమయంలో లోపల జరిగేది పక్కపక్క పరమాణువుల మధ్య దూరం కొద్దిగా పెరగడం, అంతకు మించి ఏమీ లేదు. అంటే మీరు కొలుస్తున్నది పరమాణు బంధాల బిగువు. అనీల్ చేసినా ముంచి గట్టిపరిచినా అవి ఇనుము పరమాణువులే, వాటి మధ్య బంధాలు దాదాపు అవే. అందుకే ఉక్కుకి ఎలాంటి వేడిచికిత్స చేసినా గుణకం 200 గిగాపాస్కల్స్ చుట్టుపక్కలే ఉంటుంది. క్వెంచింగ్ వల్ల కొన్ని శాతం తేడా వస్తుంది, అది మామూలు ల్యాబ్‌లో కంటికి ఆనదు. గుణకం బాగా మారాలంటే లోహాన్నే మార్చాలి. అల్యూమినియంకి సుమారు 70, టంగ్‌స్టన్‌కి సుమారు 400.

యీల్డ్ స్ట్రెంగ్త్ వేరే ప్రశ్నకి జవాబు. ఎక్కడిదాకా లాగితే లోహం ఇక మొదటి పొడవుకి తిరిగి రాదు? దీనికి కథ కొంచెం పెద్దది. స్ఫటికంలో ఒక పొర మొత్తం ఒకేసారి పక్క పొర మీద జారాలంటే ఎంత ప్రతిబలం కావాలో 1926లో ఫ్రెంకెల్ అనే భౌతిక శాస్త్రవేత్త లెక్క కట్టారు. ఆ లెక్కన ఇనుముకి సుమారు 13 గిగాపాస్కల్స్ కావాలి. నిజంగా మెత్తని ఇనుము అందులో వందో వంతుకే జారిపోతుంది. అంత తేడా ఎందుకో 1934లో టేలర్, ఒరొవాన్, పొలాన్యీ ఎవరికి వారే విడివిడిగా చెప్పారు. పొర మొత్తం ఒక్కసారిగా జారదు. స్ఫటికంలో డిస్‌లొకేషన్ అనే గీతలాంటి లోపం ఉంటుంది, అది ఒక్కో వరుస చొప్పున జరుగుతూ పోతుంది. 1956లో పలచని అల్యూమినియం రేకులో అవి కదులుతుండగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడగలిగారు. ఇరవై రెండేళ్లపాటు కాగితం మీదే ఉన్న ఊహ కళ్ల ముందు కదలడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

వేడిచికిత్స చేసేదల్లా ఆ డిస్‌లొకేషన్ల దారికి అడ్డం పెట్టడమే. క్వెంచింగ్‌తో స్ఫటికంలో ఇరుక్కుపోయిన కార్బన్, టెంపరింగ్‌లో పుట్టే సన్నని కార్బైడ్ రేణువులు, ఇవన్నీ అడ్డంకులు. అడ్డంకులు పెరిగితే డిస్‌లొకేషన్ కదలడానికి ఎక్కువ ప్రతిబలం కావాలి, కాబట్టి బలం పెరుగుతుంది. బంధాల బిగువు మాత్రం పెరగదు.

వీలైతే ఈ పని ఒక్కసారి చేసి చూడండి. పెన్సిల్ ములుకంత మందం ఉన్న రాగి తీగను ఎర్రగా కాల్చి చల్లార్చండి. రెండు వేళ్లతో వంచితే హాయిగా వంగుతుంది. ఇప్పుడు ఆ వంపును సరిచేయబోండి. వంగిన చోట అది విప్పుకోదు. దానికి అటూ ఇటూ ఉన్న మెత్తని భాగాలే కొత్తగా వంగి, తీగ పాములా మెలిక తిరుగుతుంది. మొదటిసారి వంచినప్పుడు అక్కడ పుట్టిన డిస్‌లొకేషన్లు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి, అంతే. రాగి మారలేదు, దాని గుణకమూ మారలేదు, బలం పెరిగింది.

మళ్లీ ప్రశ్న

చాలా థాంక్స్ అండి, సగం బరువు దిగింది. కానీ ఇంకో అనుమానం. దృఢత్వం రెండింటికీ ఒకటే అయితే స్ప్రింగులకి గట్టిపరిచిన ఉక్కే ఎందుకు వాడతారు? మెత్తని ఉక్కుతో చేసినా అంతే సాగుతుంది కదా?

సమాధానం

అదే బరువు వేలాడదీస్తే, మొదట్లో అంతే సాగుతుంది. మీరన్నది నిజం. తేడా ఎంత దూరం సాగి వెనక్కి రాగలదు అన్న దగ్గర. మీ అంకెలే తీసుకోండి. అనీల్ చేసినది 350ని 2,00,000తో (200 గిగాపాస్కల్స్ అంటే అన్ని మెగాపాస్కల్స్) భాగిస్తే 0.00175 స్ట్రెయిన్ దాకా వెనక్కి వస్తుంది. టెంపర్ చేసినది 0.0045 దాకా వస్తుంది. స్ప్రింగు దాచుకోగల శక్తి, ప్రతిబలం వర్గాన్ని గుణకానికి రెట్టింపుతో భాగిస్తే వచ్చేది. గుణకం ఒకటే కాబట్టి, 900ని 350తో భాగించి వర్గం చెయ్యండి. సుమారు 6.6 రెట్లు. మెత్తని ఉక్కు స్ప్రింగు మొదటిసారి గట్టిగా లాగగానే సాగిన చోటే ఉండిపోతుంది.

దీన్ని తిరగేసి కూడా గుర్తుపెట్టుకోండి. ఒక దూలం బరువుకి మరీ కిందికి వంగుతోందంటే, దాన్ని ఇంకా బలమైన ఉక్కుతో మార్చడం దండగ. వంపు అంతే ఉంటుంది. ఎత్తు పెంచాలి, లేదా ఆకారం మార్చాలి. డిజైన్ క్లాసులో ఈ తప్పు చాలామంది చేస్తారు.

ఇంకొకరి జవాబు

పైన చెప్పిన సిద్ధాంతంతో నాకు పేచీ లేదు. కానీ రికార్డులో రాసేముందు ఒక మాట చెప్పండి. సాగుడు ఎక్కడ కొలిచారు? నమూనా మీద ఎక్స్‌టెన్సోమీటర్ (గేజ్ సాగుడును నేరుగా కొలిచే పరికరం) బిగించారా, క్రాస్‌హెడ్ (నమూనాను లాగే యంత్రం కదిలే దూలం) జరిగిన దూరం తీసుకున్నారా? ఆ సరళరేఖ వాలు ఎంత వచ్చింది?

ప్రశ్న అడిగినవారు

క్రాస్‌హెడ్ జరిగిన దూరమే తీసుకున్నాం అండి. 200 మెగాపాస్కల్స్ దగ్గర 0.40 మి.మీ. చూపించింది. దాన్ని 50తో భాగిస్తే స్ట్రెయిన్ 0.008, గుణకం 25 గిగాపాస్కల్స్ వచ్చింది. పుస్తకంలో 200 ఉంది. ఎక్కడో సున్నా తప్పిపోయిందేమో అనుకుని ఆ విషయం ఇక్కడ రాయలేదు.

ఇంకొకరి జవాబు

సున్నా తప్పలేదు. అసలు సంగతి ఇక్కడే ఉంది. గుణకం 200 గిగాపాస్కల్స్ అయితే, 200 మెగాపాస్కల్స్ దగ్గర మీ 50 మి.మీ. గేజ్ నిజంగా సాగేది 0.05 మి.మీ. మాత్రమే. మిగతా 0.35 యంత్రం చట్రం వంగడం, గ్రిప్పులు సర్దుకోవడం, గేజ్ బయట ఉన్న నమూనా భాగం సాగడం. అంటే మీరు కొలిచిన ఎనిమిది పాళ్లలో ఒక పాలే గేజ్‌ది.

కాబట్టి రెండు గీతలు కలిసిపోయాయంటే మీ యంత్రం రెండుసార్లూ ఒకేలా వంగిందని అర్థం. మీ తీర్మానం నిజమే, కానీ ఈ గ్రాఫ్ దానికి సాక్ష్యం కాదు. నమ్మకం కుదరకపోతే అదే యంత్రంలో అల్యూమినియం పెట్టినట్టు లెక్క చేసి చూడండి. 200 దగ్గర గేజ్ 0.143 సాగుతుంది, యంత్రం వాటా 0.35 కలిపితే 0.493. గుణకం సుమారు 20 వస్తుంది. నిజానికి మూడు రెట్లు తేడా ఉన్న రెండు లోహాలు మీ గ్రాఫ్‌లో 25, 20గా కనబడతాయి.

ఎక్స్‌టెన్సోమీటర్ అడిగి తీసుకోండి. అది లేకపోతే నమూనా మీద సాగుడు కొలిచే స్ట్రెయిన్ గేజ్ అతికించండి. గ్రిప్పులు సర్దుకోవడానికి ముందు కొద్దిగా లాగి, 50 నుంచి 200 మెగాపాస్కల్స్ మధ్య భాగానికే వాలు కట్టండి. మొదట్లో వంకరగా ఉండే ముక్కను వదిలేయండి. నమూనా తెగేముందు ఎక్స్‌టెన్సోమీటర్ తప్పకుండా తీసేయాలి, లేకపోతే ఆ కుదుపుకి దాని అంచులు పాడవుతాయి.

యీల్డ్ అంకెలకి మాత్రం పెద్దగా ఢోకా లేదు. ప్రతిబలం లోడ్‌నిబట్టీ అడ్డుకోత వైశాల్యాన్నిబట్టీ వస్తుంది, దానికి క్రాస్‌హెడ్‌తో పని లేదు. అయితే టెంపర్ చేసిన నమూనాకి 0.2 శాతం ఆఫ్‌సెట్ గీత (యీల్డ్ ఎక్కడో పట్టుకోవడానికి, 0.2 శాతం స్ట్రెయిన్ దగ్గర మొదలుపెట్టి సరళరేఖకి సమాంతరంగా గీసేది) గీసేటప్పుడు జాగ్రత్త. క్రాస్‌హెడ్ గ్రాఫ్ మీద పుస్తకంలోని 200 వాలుతో గీత గీస్తే, అది మీ గ్రాఫ్‌ని యీల్డ్ కాకముందే, ఎక్కడో కింద కోస్తుంది. మీ గ్రాఫ్‌లో వచ్చిన వాలుకే సమాంతరంగా గీయండి.

ప్రశ్న అడిగినవారు

ఆ ఆఫ్‌సెట్ గీత నేను సరిగ్గా 200 వాలుతోనే గీసి, కుదరక చెరిపేశాను! తర్వాత కంటి అంచనాతో 900 రాశాను. రేపు ఉదయం స్లాట్ దొరికింది, ఎక్స్‌టెన్సోమీటర్ కూడా ఇస్తామన్నారు. రెండు నమూనాలూ మళ్లీ చేసి, క్రాస్‌హెడ్ గ్రాఫ్, ఎక్స్‌టెన్సోమీటర్ గ్రాఫ్ రెండూ పక్కపక్కనే రికార్డులో పెడతాను. పాత గ్రాఫ్ చింపేద్దామనుకున్నాను, ఇప్పుడు దాన్నీ ఉంచుతాను. అంకెలు రాగానే ఇక్కడ పెడతాను.