నాలుగు, ఐదు తరగతులకు అన్నీ ఒక్క టీచరే చెప్పాలా, సబ్జెక్టుకో టీచరా?

ఐదో తరగతి టీచర్:

మాది ఆంధ్రాలో ఒక పల్లెటూరి బడి. మోడల్ ప్రైమరీ అయ్యాక తరగతికొక టీచర్ని ఇచ్చారు. ఐదో తరగతి నాది, 27 మంది పిల్లలు. ఇప్పుడు స్టాఫ్ రూమ్‌లో ఒక మాట నడుస్తోంది. లెక్కలు ఒకరు, ఇంగ్లీషు ఒకరు, తెలుగు ఒకరు, పరిసరాల విజ్ఞానం (ఈవీఎస్) ఒకరు పంచుకుని గంట కొట్టగానే గదులు మారదాం అంటున్నారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకో ఇక్కడ చెబుతాను, కాదనేవాళ్లు కాదనండి.

భిన్నాలు మొదలుపెట్టాను. బోర్డు మీద 1/2, 1/4 రాసి ఏది పెద్దది అని అడిగితే సగం తరగతికి పైగా 1/4 అన్నారు. "రెండు కంటే నాలుగు పెద్దది కదా టీచర్!" అదే పిల్లల్ని పావుకిలో పంచదార ఎక్కువా, అరకిలో ఎక్కువా అని అడిగితే, ఇది కూడా అడగాలా అన్నట్టు చూశారు. తెలిసిందంతా తెలుసు. బోర్డు మీదికి వచ్చేసరికి అదే సంగతని తెలియడం లేదు.

మర్నాడు మా అత్తగారి దగ్గరున్న సోల, తవ్వ, మానిక తీసుకెళ్లాను. బయట ఇసుకలో కూర్చుని కొలిచాం. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. మరి సోల మానికలో ఎన్నో వంతు? వాళ్లే పోసి చూసి నాలుగో వంతు అన్నారు. గిద్ద అన్న మాట ఒక్క పిల్లకే తెలుసు. వాళ్ల నాయనమ్మ నూనె గిద్దతో కొలిచేదట. సోలకు నాలుగు గిద్దలని చెప్పి ఊరుకున్నాను. కాసేపటికి ఆ పిల్లే లేచి ఇసుకలో 1/16 అని రాసింది. లవం, హారం అన్న మాటలు నేను అప్పటికింకా ఎత్తలేదు.

ఆ పూట లెక్కల పీరియడ్ తెలుగులోకి జారిపోయింది. ఇంట్లో పెద్దవాళ్లు ఏం దేంతో కొలిచేవారో అడిగి వచ్చి ఐదు వాక్యాలు రాయమన్నాను. తవ్వలో వత్తు, గిద్దలో వత్తు, రెండూ అక్కడే దిద్దాను. ఆ తర్వాత ఎలాగూ ఈవీఎస్‌లో తిండిగింజల పాఠం. మధ్యలో గంట కొట్టి నేను వెళ్లిపోవలసి వస్తే ఇందులో మిగిలేది ఇసుక మాత్రమే.

హైస్కూల్ లెక్కల మాస్టారు:

టీచర్ గారూ, మీ 27 మంది అదృష్టవంతులు. అయితే మీ గదిని చూసి రాష్ట్రమంతటికీ నియమం పెట్టలేం.

2022లో 117 జీవో వచ్చినప్పుడు చుట్టుపక్కల బడుల మూడు, నాలుగు, ఐదు తరగతులు మా హైస్కూల్‌కి వచ్చాయి. నేను స్కూల్ అసిస్టెంట్‌ని, అంటే హైస్కూల్ సబ్జెక్టు టీచర్ని, ఐదో తరగతి లెక్కలు నాకు వేశారు. 306ని 3తో భాగించమంటే తరగతిలో ఎక్కువమంది 12 అని రాశారు. 102లో సున్నా ఎక్కడికి పోయిందో వాళ్లకి తెలియదు. ఎందుకంటే స్థానవిలువ వాళ్లకి ఎవరూ చెప్పలేదు, "దిగదీసి భాగించు" అనే పద్ధతి మాత్రం చెప్పారు. అలా చెప్పిన టీచర్లలో కొందరు నాతోనే అన్నారు, సార్, లెక్కలంటే మాకే భయం, పదో తరగతితోనే వదిలేశాం అని. భయపడే టీచరు దగ్గర పిల్లవాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, ఏడాది పొడుగునా ఒక్కరి దగ్గరే ఉంటే ఆ భయం ఎటు పోతుంది? తెలుగు బాగా చెప్పే టీచరు ఆ ఏడాది లెక్కల గంటను కూడా తెలుగు గంట చేసేస్తే అడిగే దిక్కెవరు?

2025లో ఆ జీవో రద్దయింది. పిల్లల నడక దూరం విషయంలో అది మంచిదే, అయిదో తరగతి పిల్లని రోడ్డు దాటించి పంపడం నాకూ ఇష్టం లేదు. కానీ దూరంతో పాటు సబ్జెక్టు టీచరు కూడా పోయాడు. రెండిటినీ ఒకే గాటన కట్టకండి.

నల్గొండ నాన్న:

సార్, నా బిడ్డది నాలుగో తరగతి, ప్రైవేటు బడి. ఏడుగురు టీచర్లు. మీరనేది అక్కడ ఎప్పటినుంచో నడుస్తున్నది. ఏమైందో చెప్తా.

లెక్కల మేడం పిలిచి, మీ పాప లెక్కల్ల వీక్ అన్నది, ట్యూషన్ పెట్టమన్నది. ఇంటికొచ్చినంక అదే వర్క్‌షీట్ నేను చదివి తెలుగుల చెప్పిన. టకటకా చేసింది. లెక్క ఇంగ్లీషుల ఉంటది కదా, "రిమైనింగ్" అంటే ఏందో దానికి తెల్వదు. కూడాల్నా, తీసెయ్యాల్నా సమజ్ కాలె. ఇంగ్లీషు మేడంని అడిగితే, అవును, పాప చదువుడు మెల్లగ ఉన్నది, నాకు ఎరుకే అన్నది. ఆ ఇద్దరు మేడంలు పక్కపక్క గదులల్లనే ఉంటరు. ఏడాదిల ఒక్కసారి గూడ నా బిడ్డ గురించి మాట్లాడుకోలేదు. ఏడు నోటుబుక్కులు, ఏడు హోంవర్కులు, బిడ్డ మొత్తంగ ఎట్లున్నదో చెప్పేటోళ్లు ఒక్కరు లేరు.

రిటైర్డ్ హెచ్ఎం:

ముప్ఫై ఏళ్లకు పైగా ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశాను. మీ ముగ్గురి మాటా విన్నాక నాకు తోచింది చెబుతున్నాను.

ముందు లెక్క సరిచూడండి. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లు. 61 నుంచి 90 దాకా ముగ్గురు. అయిదుగురు రావాలంటే 120 దాటాలి. మన పల్లెల్లో ఎన్ని బడులకు 120 మంది ఉన్నారు? ఇద్దరే ఉన్నచోట అయిదు తరగతులూ వాళ్లవే. అక్కడ సబ్జెక్టుకో టీచరా అన్న ప్రశ్నే పుట్టదు. ఈ చర్చ తరగతికొక టీచరున్న బడులకే అని గుర్తుంచుకుని మాట్లాడుకుందాం.

ఇక చట్టం సబ్జెక్టు టీచర్లను అడిగేది ఆరో తరగతి నుంచే. సైన్సు, లెక్కలకు ఒకరు, సాంఘికశాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు తగ్గకుండా ఉండాలంటుంది. దానికి కారణం ఉంది. అయిదో తరగతి దాకా సైన్సూ సోషలూ విడివిడిగా లేవు, రెండూ కలిసి ఈవీఎస్. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం అలాగే ఉంచమంది. 2023లో వచ్చిన కొత్త చట్రం కూడా మూడు నుంచి ఐదు దాకా ఆ కలయికనే నిలిపింది. చెరువు పాఠంలో నీటి ఆవిరీ ఉంటుంది, చెరువు మీద బతికే బెస్తవాళ్లూ ఉంటారు. దాన్ని ఎవరికి పంచుతారు?

ఎనభైల్లో బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఏపీపీఈపీ) వచ్చినప్పుడు మేం గదిలో తాడు కట్టి పిల్లలు చేసినవన్నీ వేలాడదీసేవాళ్లం. ఆకుల బొమ్మ పక్కన దాని మీద రాసిన నాలుగు మాటలు, దాని పక్కన ఆకుల లెక్క. చూడగానే ఏది ఏ సబ్జెక్టో చెప్పడం కష్టంగా ఉండేది. ఆ తాడు తర్వాత తెగిపోయింది, అది వేరే బాధ.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూల్ వాళ్లు పల్లె బడుల కోసం కార్డులు తయారుచేశారు. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు ఎవరి మెట్టు వాళ్లు ఎక్కుతారు. కర్ణాటకలో నలి-కలి అనే బోధన పద్ధతి అక్కడినుంచి నేర్చుకుని వచ్చిందే. ఆ పద్ధతి అంతా ఒక్క టీచరు పిల్లవాణ్ణి పూర్తిగా ఎరిగి ఉండడం మీద నిలబడింది. అయినా మాస్టారూ, మీ 306 లెక్క నన్ను నిద్రపోనివ్వదు. నా దగ్గర చదివిన పిల్లలూ అలా రాశారు.

టెక్సస్ అమ్మ:

మాది గుంటూరు, ఇక్కడ డాలస్ దగ్గర ఉంటున్నాం. మా అబ్బాయి నాలుగో గ్రేడ్. వాడికి ఇద్దరు టీచర్లు. చదవడం, రాయడం, సోషల్ ఒకరు, లెక్కలు, సైన్సు ఇంకొకరు. మధ్యాహ్నం రెండు సెక్షన్ల పిల్లలూ గదులు మారతారు. ఇక్కడ చాలా ఎలిమెంటరీ బడుల్లో పై గ్రేడ్లకు ఇలాగే చేస్తారు.

మొదట్లో నాకు నచ్చింది. తర్వాత ఒక అధ్యయనం గురించి చదివాను. రోలాండ్ ఫ్రయర్ అనే ఆర్థికవేత్త హ్యూస్టన్ ఎలిమెంటరీ బడుల్లో దీన్నే పరీక్షించి 2018లో ప్రచురించారు. చీటీలు తీసినట్టు కొన్ని బడులను ఎంచి, అక్కడ టీచర్లకు వాళ్లు బాగా చెప్పగల సబ్జెక్టులే ఇచ్చారు. మార్కులు పెరుగుతాయనుకుంటే తగ్గాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఇంకా ఎక్కువ నష్టం జరిగింది. ఒక్కో పిల్లవాడి మీద పెట్టే శ్రద్ధ తగ్గిందని ఆ టీచర్లే చెప్పారు. నల్గొండ అన్నయ్య గారు చెప్పింది చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

హైస్కూల్ లెక్కల మాస్టారు:

అమ్మా, హ్యూస్టన్‌లో తేలింది ఇక్కడా తేలుతుందని అనుకోలేను. అయినా పిల్లవాణ్ణి ఎరిగి ఉండాలన్న మాట ఒప్పుకుంటున్నాను. "రిమైనింగ్" దగ్గర ఆగిపోయిన పాపను నేనైనా వీక్ అనే రాసి ఉండేవాణ్ణి. రోజుకు అయిదు సెక్షన్లు తిరిగేవాడికి అంతకంటే కనపడదు.

కానీ టీచర్ గారిని సూటిగా ఒకటి అడుగుతాను. భిన్నాలకు మానిక దొరికింది. భాగహారానికి ఏం దొరుకుతుంది? అన్నీ కలిపి చెప్పడం పేరుతో చార్టులు అతికించి, రంగులేసి, ప్రాజెక్టు అయిందనిపించే గదులు నేను చాలా చూశాను. అక్కడ లెక్క ఉండదు, లెక్క బొమ్మ ఉంటుంది. లెక్కకు దానిదే అయిన వరుస ఒకటుంది. ఒక మెట్టు విరిగితే పై మెట్టు నిలవదు.

ఐదో తరగతి టీచర్:

మాస్టారూ, సూటిగానే చెబుతాను. అన్నిటికీ మానిక దొరకదు. ఎక్కాలు రోజూ అప్పజెప్పించుకోవలసిందే, భాగహారం నోటుబుక్కు నిండా చేయించవలసిందే.

అయితే ఒకటి వినండి. జూలైలో వాన పడింది. అంచులు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి ముందే బయట పెట్టాం. స్కేలు పెట్టి చూస్తే 12 మిల్లీమీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. మా బడి డాబా టేపుతో కొలిచారు, 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. 60ని 12తో హెచ్చించి 720 లీటర్లు అన్నారు. లీటర్లంటే వాళ్ల కంటికి ఆనలేదు. బిందెల్లో చెప్పమన్నాను. బిందెకు 15 లీటర్లు. 720ని 15తో భాగించడానికి ఆ రోజు ఎవరినీ బతిమాలలేదు. 48 బిందెలు! వెంటనే ఒకడు, అన్నీ ఎటు పోయాయి టీచర్ అన్నాడు. కాలవ వెంట నడుచుకుంటూ వెళ్లి చూశాం. ఇంకుడు గుంత పాఠం అక్కడే నిలబడి చదివాం. మా పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు కాబట్టి అక్కడున్న ఇంగ్లీషు మాటలు కూడా అదే పూట పట్టుకున్నారు.

ఇది నాకు చేతనైంది. 306 నాకు చేతకావడం లేదు. నిజం చెబుతున్నాను, నా తరగతిలో కూడా 12 అని రాసేవాళ్లు ఉన్నారు, సున్నా పెట్టమని చెప్పడం తప్ప అది ఎందుకు పెట్టాలో నేను సరిగా చెప్పలేకపోతున్నాను. అందుకని పిల్లల్ని గది మార్చమంటారా? నేను వద్దంటాను. మీలాంటివాళ్లు నెలకు రెండు రోజులు మా గదికి రండి. నేను వెనక బెంచీలో కూర్చుని నేర్చుకుంటాను. మర్నాటి నుంచి ఆ 27 మందిలో ఎవరి దగ్గర ఆగాలో నాకు తెలుసు.

రిటైర్డ్ హెచ్ఎం:

చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఈ పని జరగాలి. రిపోర్టులు నింపడం తగ్గించి, ఒక లెక్కల మాస్టారు ఒక్క పాఠం చెప్పి చూపిస్తే మిగతావాళ్లు చూస్తారు.

హైస్కూల్ లెక్కల మాస్టారు:

వస్తాను టీచర్ గారూ. మా హెచ్ఎం గారి అనుమతి తీసుకుని శనివారం వస్తాను. ఈలోగా ఇది చేసి చూడండి. బొమ్మ నోట్లు తీసుకోండి. మూడు వంద నోట్లు, ఆరు రూపాయి బిళ్లలు. ముగ్గురు పిల్లలకు పంచమనండి. ముందు వందలు పంచి, ఒక్కొక్కరికి ఎన్ని వచ్చాయో రాయించండి. తర్వాత పది నోట్లు పంచమనండి. ఒక్కటీ ఉండదు. అక్కడ ఆపి, ఆ గడిలో ఏం రాయాలో వాళ్లనే అడగండి. మీరు సున్నా అనకండి.

ఐదో తరగతి టీచర్:

ఇవాళ పంచాం. పది నోట్లు పంచమనగానే ఒక పిల్ల ఖాళీ చేతులు చాచి "నాకేం రాలేదు టీచర్" అంది. మరి రాయి, ఏం రాలేదని ఎలా రాస్తావు అన్నాను. సున్నా చుట్టింది. ఇద్దరు మాత్రం ఇంకా 12 దగ్గరే ఉన్నారు. రేపు వాళ్లిద్దరితో 408, నలుగురికి.