గుణుపురంలో అద్దెకివ్వడానికి ఇల్లు కొంటే టాక్స్ కలిసొస్తుందా?

రాయగడ రైలుబండి: అందరికీ నమస్తే. నాది ఒడిశాలో రాయగడ, జీతం ఏడాదికి 11 లక్షలు. గుణుపురంలో ఇంజనీరింగ్ కాలేజీ దగ్గర ఒక ఇల్లు అమ్మకానికొచ్చింది. స్టూడెంట్స్‌కిస్తే నెలకి 12 వేలు వస్తాయట. 25 లక్షలు లోన్ తీసుకోవాలి. "లోన్ ఉంటే టాక్స్ మొత్తం పోతుంది సార్" అని బ్రోకరు ఒకటే పాట. అద్దెలు తీసుకుంటున్నవాళ్లు కాస్త చెప్పండి.

బరంపురం బావ: తమ్ముడూ, లెక్క వేసి చూపిస్తా. ఏడాది అద్దె 1,44,000. మున్సిపాలిటీకి నువ్వు కట్టే హోల్డింగ్ టాక్స్ (ఇంటి పన్ను) ఓ 4 వేలు అనుకుంటే మిగిలేది 1,40,000. అందులో 30 శాతం, అంటే 42 వేలు, రిపేర్ల కింద ప్రభుత్వమే తీసేస్తుంది. సున్నం వేయించినా వేయించకపోయినా అంతే, బిల్లులు అడగరు. ఇక 98 వేలు. 8.5 శాతం మీద మొదటి ఏడాది వడ్డీ 2,10,000 దాకా అవుతుంది. అంటే ఇంటి మీద 1,12,000 నష్టం. ఇన్‌కం టాక్స్ లెక్కకి పాతదీ కొత్తదీ రెండు పద్ధతులున్నాయి, ఒకటి ఎంచుకోవాలి. పాత పద్ధతిలో ఈ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవచ్చు, ఏడాదికి 2 లక్షల వరకు. మీ బ్రోకరు చెప్పేది ఇదే. కొత్త పద్ధతిలో అద్దె మీద టాక్స్ పడదు గానీ, నష్టాన్ని జీతం జోలికి రానివ్వరు.

రాయగడ రైలుబండి: అయితే పాత పద్ధతికి మారితే సరిపోతుంది కదా అన్నయ్యా?

బరంపురం బావ: అక్కడే ఉంది తిరకాసు. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో జీతగాళ్లకి 12.75 లక్షల వరకు టాక్స్ సున్నా. నీది 11. పాతదానిలోకి వెళ్లి ఈ నష్టం, 80సీ (పీఎఫ్, ఎల్ఐసీ లాంటి పొదుపుల) లక్షన్నర, జీతగాళ్లందరికీ ఇచ్చే 50 వేల స్టాండర్డ్ డిడక్షన్ అన్నీ తీసేసినా 70 వేలు దాటే కడతావు. లేని టాక్స్‌ని ఎక్కడ మిగుల్చుతావు? జీతం బాగా ఎక్కువున్నవాళ్ల సంగతి వేరే, వాళ్లు రెండూ వేసి చూసుకోవాలి.

పర్లాకిమిడి పిన్ని: మా వారు నా పేర కొన్నారు, ఒడిశాలో ఆడవాళ్లకి స్టాంపు డ్యూటీ ఒక శాతం తక్కువని. అది నిజమే. కానీ డబ్బు ఆయనదైతే అద్దె కూడా ఆయన ఆదాయంలోనే కలుపుతారు బాబూ. నువ్వు నీ డబ్బుతో భార్య పేర కొన్నా అదే వర్తిస్తుంది. ఇంకోటి, వేసవి సెలవుల్లో పిల్లలు ఖాళీ చేస్తే ఆ నెలల అద్దె లెక్కలో వేయక్కర్లేదు. ఖాళీగా ఉందని చూపించడానికి అగ్రిమెంట్లు దాచుకో.

కొరాపుట్ కాఫీ: టాక్స్ తర్వాత చూద్దురు గానీ, ముందు పట్టా చూశారా? గుణుపురం ఉన్న రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజనుల కోసం ప్రత్యేక రక్షణలున్న ప్రాంతం. 1956 నాటి రెగ్యులేషన్ ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనడం మొదటి నుంచీ కష్టమే. 2002 సవరణ తర్వాత అసలు కుదరదు. ఇప్పుడు అమ్ముతున్నాయన గిరిజనేతరుడైనా, ఆయన ఎవరి దగ్గర కొన్నాడో, వెనక ఎన్ని చేతులు మారిందో చూడాలి. పట్టాలో కులం రాసి ఉంటుంది, భూలేఖ్ అనే ప్రభుత్వ భూరికార్డుల సైట్లో కూడా కనిపిస్తుంది. ఇదొక్కటి తేడా అయితే 30 శాతమూ లేదు, ఇల్లూ లేదు.

బరంపురం బావ: కాఫీ గారు చెప్పింది ముందు చెయ్యి. ఆ పైన 20 ఏళ్ల లోన్‌కి ఈఎమ్ఐ 21,700 దగ్గర పడుతుంది, అద్దె 12 వేలు. నెలకి దాదాపు పది వేలు జేబులోంచి. ఇల్లు ధర పెరుగుతుందన్న ఆశ ఉంటేనే కొనాలి. 2 ఏళ్లు దాటి అమ్మితే లాభం మీద 12.5 శాతం టాక్స్, అది మాత్రం పెద్ద భారం కాదు.

రాయగడ రైలుబండి: బ్రోకరుని పాత దస్తావేజులు అడిగాను. "రేపు, ఎల్లుండి" అంటున్నాడు. అడ్వాన్స్ మాత్రం ఈరోజే కావాలట!

కొరాపుట్ కాఫీ: ఇవ్వకండి.