నేరేడు వైన్ పట్టడం: బీరు తెలిసినవాడి సందేహాలు

బెంగళూరు మైక్రోబ్రూవరీలో చాలాకాలం బీరు తయారుచేశాను. ఇప్పుడు అమలాపురం దగ్గర మా ఊళ్ళో నేరేడు పళ్ళతో వైన్ పట్టాలని ఉంది. ఎక్సైజ్ అనుమతి సంగతి విడిగా కనుక్కుంటున్నా, ఆ టెన్షన్ మీకొద్దు.

హైడ్రోమీటర్ (రసం సాంద్రత కొలిచేది), ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని వదిలి బయటి గాలిని రానివ్వని మూత) అలవాటే. తికమకంతా మరిగించడం దగ్గరే. బీరులో వోర్ట్‌ని, అంటే మాల్ట్ నుంచి తీసిన తీపి రసాన్ని, గంటసేపు మరగబెడితే సూక్ష్మజీవుల గొడవ తీరిపోతుంది. పళ్ళగుజ్జు మరిగిస్తే పెక్టిన్ (పళ్ళలోని జిగురు పదార్థం) వల్ల వైన్ ఓ పట్టాన తేటపడదు. అంటే మరిగించకుండా, సూక్ష్మజీవుల్ని అణిచే పొటాషియం మెటాబైసల్ఫైట్ పొడి వేసి, ఒక రోజు ఆగి ఈస్ట్ కలపడమేనా? మోతాదెంత?

పులియకముందు రసం గ్రావిటీ (నీటితో పోల్చిన సాంద్రత) 1.090, అంటే సుమారు 12 శాతం ఆల్కహాల్ అనుకుంటున్నా. ఇసి-1118 అనే వైన్ ఈస్ట్ 30 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. కానీ కోనసీమ ఉక్కలో డబ్బాకి తడిగుడ్డ చుట్టినా పెద్దగా చల్లబడదు. ఇదివరకు పట్టినవాళ్ళు ఏసీ లేకుండా ఎలా నెట్టుకొచ్చారండీ? వగరు కోసం కొన్ని గింజలు ఉంచుతారా, అన్నీ తీసేస్తారా?