వైద్య నిర్లక్ష్యం కేసులు నిజంగా ఎన్ని పడతాయి, ఎవరి మీద పడతాయి?

నర్సింగ్‌హోం_హనుమకొండ

హనుమకొండలో 20 పడకల నర్సింగ్ హోం మొదలవుతోంది. గైనిక్, జనరల్ సర్జరీ, ఆర్థో ఉంటాయి. మత్తు డాక్టర్ పిలిస్తే వచ్చే పద్ధతి. ఇన్సూరెన్స్ ఏజెంటేమో ఇలాంటి కేసుల్లో పరిహారం కట్టే పాలసీ కోటికి తగ్గకుండా తీసుకోమంటున్నాడు, సీనియర్లేమో "ఊరికే భయపెడుతున్నారు" అంటున్నారు. కేసులు ఏ స్పెషాలిటీ మీద ఎక్కువ? ఎక్కడ వేస్తారు? ముందే ఏం సర్దుకోవాలి?

అదాలత్_వకీలు

ముందు లెక్క సంగతి. అమెరికాలో డాక్టర్ తరఫున పరిహారం చెల్లించిన ప్రతి కేసూ ఒక జాతీయ డేటా బ్యాంకుకు చేరాలి. మనకు అలాంటిది లేదు కాబట్టి అందరూ చెప్పేది అక్కడి అంకెలే. 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఏడాదికి 7.4 శాతం డాక్టర్ల మీద క్లెయిము పడింది, డబ్బు కట్టేదాకా పోయింది 1.6 శాతమే. న్యూరో సర్జన్లకు 19.1 శాతం, జనరల్ సర్జన్లకు 15.3, పిల్లల డాక్టర్లకు 3.1, సైకియాట్రీ వాళ్లకు 2.6. ఈ అంకెలను తెచ్చి వరంగల్‌కు అతికించలేం కానీ వరస మాత్రం ఇక్కడా అటూఇటూగా అదే. కత్తి పట్టేవాళ్లు, కాన్పులు చేసేవాళ్లు ముందుంటారు. మీరు చెప్పిన మూడు విభాగాలూ ఆ ముందు వరసలోవే.

ఇంకోటి కూడా చూడండి. 1984 నాటి న్యూయార్క్ ఆస్పత్రుల రికార్డులు తిరగేస్తే, నిర్లక్ష్యం వల్ల దెబ్బతిన్నవాళ్లలో క్లెయిము వేసినవాళ్లు 2 శాతం కూడా లేరు. అదే సమయంలో నిర్లక్ష్యమే లేని చోట్ల కూడా క్లెయిములు పడ్డాయి. అందుకే "నేను తప్పు చేయను, నాకేం కాదు" అనే లెక్క కుదరదు.

ఎక్కడ వేస్తారంటే, ఎక్కువగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. 2019 వినియోగదారుల చట్టంలో కేసు ఏ కమిషన్ వినాలో చూసేది కట్టిన బిల్లును బట్టి, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. బిల్లు 80 వేలు, అడిగేది 40 లక్షలు అయినా కేసు జిల్లా కమిషన్‌లోనే నడుస్తుంది, ఫీజు సున్నా. బిల్లు 5 లక్షల దాకా ఫీజే లేదు. పేషెంటు తానుండే జిల్లాలోనే వేయొచ్చు, ములుగు నుంచో భూపాలపల్లి నుంచో వచ్చినవాళ్లు మీ ఊరికి రానక్కర్లేదు. గడువు 2 ఏళ్లు. నోటీసు, ఫిర్యాదు కాపీ అందాక మీ జవాబుకు 30 రోజులు, కమిషన్ దయ తలిస్తే ఇంకో 15. 46వ రోజు పట్టుకుపోతే తీసుకోరు. ఈ విషయం 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే తేల్చేసింది. మంచి కేసులు కూడా ఇక్కడే పోతాయి, నోటీసు రిసెప్షన్ సొరుగులో పడుంటుంది మరి.

పోలీసు కేసు వేరే దారి. 2005 జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి. దర్యాప్తు అధికారి ముందుకు పోయే ముందు స్వతంత్ర డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలి, వీలైతే ప్రభుత్వ డాక్టర్‌ది. ఇప్పుడు వర్తించేది బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 106(1), రిజిస్టర్డ్ డాక్టర్‌కు గరిష్ఠంగా 2 ఏళ్ల జైలు, జరిమానా.

రికార్డ్‌రూమ్

వకీలు గారు చెప్పింది కేసు పడ్డాక సంగతి. గెలుపోటములు తేలేది అంతకుముందే, కేస్ షీట్‌లో.

పెద్దాపరేషన్ అయిన బాలింత కేస్ షీట్ ఒకటి ఊహించుకోండి. రాత్రి 2:10కి "బ్లీడింగ్ ఎక్కువ, డాక్టర్‌కు చెప్పాం" అని సిస్టర్ రాసింది. ఆ తర్వాతి ఎంట్రీ 3:40కి, "రక్తం తెప్పించమన్నారు" అని. నడుమ గంటన్నర ఖాళీ. ఆ గంటన్నరలో డాక్టర్ వచ్చి గర్భసంచి మసాజ్ చేసి, రక్తస్రావం ఆపే మందులు ఆక్సిటోసిన్ పెట్టి, మిసోప్రోస్టాల్ ఇచ్చి ఉండొచ్చు. కాగితం మీద లేదు, కాబట్టి కమిషన్ లెక్కలో జరగలేదు. తెల్లారాక గుర్తుచేసుకుని రాస్తే "ఆలస్యంగా రాసింది" అని, ఇప్పటి తేదీ, టైము వేసి రాయండి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టండి. వైట్‌నర్ పూస్తే నిజం రాసిన పేజీని కూడా ఎవరూ నమ్మరు.

సీటీజీ (కడుపులో బిడ్డ గుండె చప్పుడు రికార్డు), ఈసీజీ స్ట్రిప్పులు థర్మల్ కాగితం, కొన్నేళ్లకు తెల్లబడిపోతాయి. ఆ రోజే జిరాక్సో స్కానో తీయండి. నిబంధన ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డు 3 ఏళ్లు ఉంచితే చాలు కానీ, కాన్పు రికార్డుకు అది సరిపోదు. బిడ్డకు దెబ్బ తగిలిందనే వివాదం ఏళ్ల తర్వాత లేస్తుంది. రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే దాచారనే అర్థం తీస్తారు.

సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి. ఇంగ్లిష్ ఫారం మీద వేలిముద్ర వేయించుకుంటే అదే మీకు ఎదురు తిరుగుతుంది. చదివి వినిపించినట్టు రాసి, సాక్షిగా పేషెంటు తరఫు మనిషితో సంతకం పెట్టించండి, మీ వార్డ్ బాయ్‌తో కాదు. 2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గైనిక్ వాళ్లు తప్పక తెలుసుకోవాలి. లాపరోస్కోపీతో చూడడానికి తీసుకున్న సమ్మతి గర్భసంచి తీసేయడానికి సరిపోదు, ప్రాణం మీదికొస్తే తప్ప.

పాలసీ_పెద్దన్న

కోటి అనేది సగం మాటే. "ఒక్కో ఘటనకు ఎంత, ఏడాది మొత్తానికి ఎంత" అని అడగండి. 1:1 అంటే రెండూ ఒకటే. 1:4 అయితే, కోటి పాలసీలో ఒక్క కేసుకు దొరికేది 25 లక్షలే. కోల్‌కతా అనూరాధా సాహా కేసులో 2013లో సుప్రీంకోర్టు వేసింది 5.96 కోట్లు, వడ్డీ అదనం. అది అరుదే అనుకోండి, అయినా 25 లక్షలు ఆర్థోకూ గైనిక్‌కూ చాలవు.

ఈ పాలసీలు సాధారణంగా క్లెయిము వచ్చిన నాటి పాలసీ చూసే రకం. 2024లో చేసిన ఆపరేషన్‌కు 2026లో నోటీసు వస్తే, 2026 పాలసీ బతికుండాలి, దాని వెనక తేదీ (రెట్రోయాక్టివ్ డేట్, అప్పటి నుంచి చేసిన పనులకే పాలసీ వర్తిస్తుంది) 2024 కన్నా ముందుది అయ్యుండాలి. రెన్యువల్ తప్పితే ఆ వెనక తేదీ పోతుంది.

మన దగ్గర అసలు గోల గేటు ముందు. శవాన్ని పెట్టి బైఠాయిస్తారు, పెద్దమనుషులు దిగుతారు, రాత్రికి రాత్రి 5 లక్షలకో 10 లక్షలకో రాజీ. కంపెనీ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకున్నా, డబ్బు ఇచ్చినా పాలసీ నుంచి పైసా రాదు. ముందు కంపెనీకి మెయిల్ కొట్టండి, పోలీసులకు చెప్పండి, పోస్టుమార్టం జరిపించమని రాతపూర్వకంగా అడగండి. పోస్టుమార్టం లేకపోతే చావుకు కారణం ఏమిటో రేపు మీరూ చెప్పలేరు, వాళ్లూ చెప్పలేరు.

నర్సింగ్‌హోం_హనుమకొండ

అందరికీ థాంక్స్. మత్తు డాక్టర్ బయటివారు కదా, ఆయన తప్పు మాకు చుట్టుకుంటుందా? ఆరోగ్యశ్రీ పేషెంటు డబ్బు కట్టడు కాబట్టి వినియోగదారుడు కాదంటున్నారు, నిజమేనా?

అదాలత్_వకీలు

చుట్టుకుంటుంది. బిల్లు మీ ఆస్పత్రి పేరు మీద ఉంటే, పిలిపించింది మీరే అయితే బాధ్యతా మీదే. ఆయన సొంత పాలసీ కాపీ ఏటా తీసుకుని ఫైల్లో పెట్టండి.

ఆరోగ్యశ్రీ మాట తప్పు. శాంత తీర్పు ప్రకారం, అందరికీ ఉచితంగా చేసే చోటే చట్టం వర్తించదు. వరంగల్ ప్రభుత్వాస్పత్రి ఎంజీఎంలో ఉచితంగా చూపించుకున్నవాళ్లు సివిల్ కోర్టుకో హైకోర్టుకో పోవాలి. కొందరి దగ్గర డబ్బు తీసుకునే ఆస్పత్రిలో ఉచితంగా చూపించుకున్నవాళ్లూ వినియోగదారులే.

ఇంకా, ఎక్స్‌పర్ట్ రిపోర్టు లేదు కాబట్టి కేసు కొట్టేస్తారని ధీమాగా ఉండకండి. హైదరాబాద్ నుంచి పోయిన వి. కిషన్ రావు కేసులో, మలేరియా మనిషికి టైఫాయిడ్ వైద్యం చేశారన్నది ఫిర్యాదు. ప్రతి కేసుకూ నిపుణుడి అభిప్రాయం అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు చెప్పి, జిల్లా ఫోరం (ఇప్పటి జిల్లా కమిషన్) వేసిన 2 లక్షల పరిహారాన్ని నిలబెట్టింది.

రికార్డ్‌రూమ్

ఒకటి మర్చిపోయా. మీకొచ్చే పేషెంట్లలో చాలామంది ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూదులు వేయించుకునే వస్తారు. ఆ చీటీ అడిగి కేస్ షీట్‌కు పిన్ను చేయండి. చీటీ లేకపోతే "పిరుదుకు ఇంజెక్షన్, నిన్న సాయంత్రం, పేరు తెలియదు, ఇప్పుడు వాపు, ఎరుపు" అని అడ్మిషన్ నోట్‌లోనే రాయండి. నాలుగో రోజు చీము పట్టినప్పుడు ఆ ఒక్క లైనే మిమ్మల్ని కాస్తుంది, అదీ అడ్మిషన్ టైముకు రాసుంటేనే.